ఒళ్లు దాచుకోని బాబాయి

ఆసుపత్రి రెండో అంతస్తు,
కండరాల పరీక్షల గది,
జూన్ 4

బాబాయ్,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు నా గొప్పలు విను. ఉద్యోగంలో చేరి ఇవాళ్టికి ఇరవై రోజులు, ఇంకా ఏదీ పగలగొట్టలేదు.

నా పని ఇది. డాక్టర్లు రోగి తొడలోంచి చిక్కుడుగింజంత కండ తీసి పంపుతారు. దాన్ని గడ్డకట్టించి, లోపల మైనస్ ఇరవై డిగ్రీలుండే ఓ పెట్టెలో బ్లేడుతో పొరలు పొరలుగా కోస్తాను. వెంట్రుక మందంలో పదోవంతు ఉంటుంది ఒక్కో పొర. దాన్ని సన్నటి కుంచెతో బుజ్జగించి గాజుపలక మీదికి ఎక్కించాలి. మొన్న తుమ్మాను. ఉదయమంతా కోసిన పొరలు ఎటు పోయాయో నాకూ తెలీదు, ఆ దేవుడికీ తెలీదు. మా డాక్టరమ్మ తలుపు మీద కాగితం అంటించింది: "ఈ గదిలో తుమ్మడం నేరం." నా పేరు రాయలేదు, అది ఆవిడ మంచితనం.

ఆ పలకలకి రంగులు వేస్తే కండలోని కణాలు ఎలా ఊపిరి తీసుకుంటున్నాయో తెలుస్తుంది. అవును, కణాలు కూడా ఊపిరి తీసుకుంటాయి. వచ్చే నెల నర్సింగు పిల్లలకి దీని మీద నేను పాఠం చెప్పాలంట. నలభై మంది ముందు నిలబడి నేనెప్పుడూ మాట్లాడలేదు. అందుకని ముందు నీ మీద ప్రయోగం. వచ్చే ఉత్తరంలో పాఠం పంపిస్తాను, అర్థంకానిచోట అర్థం కాలేదని రాయి. మొహమాటపడ్డావంటే నా మీద ఒట్టు.

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారంట. నాన్న ఎప్పట్లాగే ఉన్నారు. అమ్మ ఫోన్లో చెప్పిన నాలుగు మాటల్లో మూడు ఆయన మీద ఫిర్యాదులే.

నీ ప్రశ్నమ్మ


కళ్లజోళ్ల దుకాణం,
కిటికీ పక్క బల్ల,
జూన్ 12

మా ప్రశ్నమ్మకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తుమ్ము దగ్గర నేను నవ్విన నవ్వుకి చేతిలో ఉన్న స్క్రూ కింద పడింది. ఆవగింజలో సగం ఉంటుంది. దాన్ని వెతకడానికి అరగంట పట్టింది కాబట్టి ఆ పాపంలో నీకూ వాటా ఉంది.

పాఠం పంపు. నేను తొమ్మిదో తరగతిలో సైన్సు పుస్తకం మూసినవాణ్ణి. నాకు తెలిసిన ఊపిరి ముక్కులోంచి వెళ్లి ముక్కులోంచే వస్తుంది. మధ్యలో ఎక్కడికి పోతుందో ఎప్పుడూ అడగలేదు. అది అడగడానికి నువ్వు పుట్టాలి.

ఇక్కడి కబుర్లకేం, బోలెడు. నిన్న ఒక బస్సు డ్రైవరు కొత్త అద్దాలు పెట్టుకుని మొదట నా ముఖమే చూశాడు. "మీరింత పెద్దవారా! నా తోటివారనుకున్నానే" అన్నాడు. పాత అద్దాలే మళ్లీ బిగించి పంపేద్దామనిపించింది.

నా గది సంగతి అడగలేదు గాని చెబుతాను. దుకాణం మీద అదే గది, అవే ముప్పై ఆరు మెట్లు. పోయినేడు ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగేవాణ్ణి. ఇప్పుడు ఐదు మజిలీలు. నష్టమేమీ లేదు, దారిలో లోకజ్ఞానం పెరుగుతోంది. రెండో మజిలీ దగ్గర సంగీతం మాస్టారి గది. ఆయన శిష్యురాలు ఒకటే పాటలో మూడు నెలలుగా ఒకేచోట తప్పుతోంది. నాలుగో మజిలీ దగ్గర మొగుడూ పెళ్లాలు ఫ్యాను ఎంత స్పీడులో తిరగాలో ఇంకా తేల్చుకోలేదు. మీ నాన్న చూస్తే "బద్ధకం ముదిరింది" అనేవాడే. ఐదు వీధుల అవతల ఉన్నా చూడడుగా, బతికిపోయాను.

బాబాయి


ఆసుపత్రి,
జూన్ 20

బాబాయ్,

పాఠం మొదలు. చేతులు కట్టుకుని కూర్చో.

నువ్వు తిన్న అన్నం చివరికి చక్కెరగా మారి రక్తంలో కలిసి కణం గుమ్మం దాకా వస్తుంది. కణం దాన్ని ముందు వసారాలోనే రెండు ముక్కలు చేస్తుంది. దీనికి గాలి అక్కర్లేదు. చక్కెర విరిగినందుకు రెండు ఏటీపీలు మిగులుతాయి. ఏటీపీ అంటే ఛార్జి ఎక్కిన చిట్టి బ్యాటరీ అనుకో. కండ ముడుచుకోవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, నువ్వు స్క్రూ వెతకాలన్నా అదే కావాలి. ప్రాణవాయువు అందకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. ముక్కలు పులిసి ఆమ్లం అవుతాయి.

ప్రాణవాయువు ఉంటే ఆ ముక్కలు లోపలి గదుల్లోకి వెళ్తాయి. ఆ గదుల పేరు మైటోకాండ్రియా. ఒక్కో కణంలో వందలు, వేలు ఉంటాయి. అక్కడ ముక్కల్ని పూర్తిగా విప్పేస్తారు. వాటిలోని బొగ్గంతా మనం వదిలే ఊపిరిలో బయటికి పోతుంది. మిగిలిన శక్తి కణికల్ని గోడలో వరసగా ఉన్న పంపులు ఒకదాని చేతిలోంచి ఇంకొకటి అందుకుంటాయి. అలా అందుకున్నప్పుడల్లా గోడకి ఒకవైపు ఒత్తిడి పెరుగుతుంది. నాన్న పనిచేసిన పంపుహౌసు గుర్తుందా, నీళ్లు పైట్యాంకులోకి ఎక్కించేవారే, అలాగ. పైకి ఎక్కింది మళ్లీ కిందికి దూకుతూ ఓ చిన్న చక్రాన్ని తిప్పుతుంది. నిజంగానే గిరగిరా తిరుగుతుంది బాబాయ్, పోల్చి చెప్పడం కాదు. తిరిగినప్పుడల్లా బ్యాటరీలు ఛార్జి అవుతాయి. చివర్లో ఆ కణికల్ని అందుకునేది ప్రాణవాయువు. అందుకుని నీళ్లయిపోతుంది. నువ్వు పీల్చిన ఊపిరి వెళ్లేది అక్కడికి. ఒక చక్కెరకి రెండు కాదు, ముప్పై దాకా ఏటీపీలు.

పాఠం అయింది. ఇప్పుడు నేను అడుగుతాను, నువ్వు హాస్యాలాడకుండా జవాబు రాయి.

ఐదు మజిలీల దగ్గర నువ్వు ఎందుకు ఆగుతున్నావు? ఆయాసమా, తొడలు మండుతాయా? చిన్నప్పుడు పరుగెత్తగలిగేవాడివా? నీకు షుగరుందా? చెవులు ఎలా ఉన్నాయి? నాయనమ్మకి షుగరు ఉండేదని తెలుసు, చెవుడు ఎప్పట్నించి?

ప్రశ్నమ్మ


దుకాణం,
జూలై 1

అమ్మడూ,

పాఠం అర్థమైంది. రెండోసారికి. నా ఒంట్లో కూడా మీ నాన్నే పంపులు నడుపుతున్నాడన్నమాట.

నీ ప్రశ్నలు మాత్రం నచ్చలేదు. డాక్టరు చీటీలా ఉన్నాయి. నేను నీకు ఉత్తరాలు రాసేది రోగిగా కాదు. అయినా ఒట్టు వేశావు కాబట్టి రాస్తాను.

షుగరు ఆరేళ్లుగా ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. మీకు చెప్పలేదు. చెవులు కొంచెం మందగించాయి. "దగ్గరివి కావాలి" అంటే "దగ్గు మందు పక్క షాపులో" అన్నానంట, మొన్న ఒకావిడ అలిగి వెళ్లిపోయింది. పరుగు సంగతి అడక్కు. బడిలో ఆటల పీరియడంటే గోడ నీడే నా చోటు. "ఒళ్లు దాచుకుంటాడు" అని మాస్టారు రిపోర్టులో రాస్తే మా నాన్న దాన్ని చదివి వినిపించేవాడు. పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది, బట్వాడా పూర్తి చెయ్యలేక నాలుగు నెలల్లో మానేశాను. కూర్చుని చేసే పని కదా అని ఈ దుకాణం పెట్టాను. అమ్మకి నలభై దాటకముందే చెవుడు. గిన్నె తోమి కూర్చునేది, ఇంకో గిన్నె తోమి కూర్చునేది.

ఇంకొకటి నువ్వు అడగలేదు. అయినా రాస్తాను, ఎందుకో ఇవాళ రాయాలనుంది. అప్పటికి నీకు ఎనిమిదేళ్లు.

మనం నాలుగో అంతస్తులో ఉండేవాళ్లం. అమ్మకి గుండెనొప్పి వచ్చింది. లిఫ్టు పాడైపోయి ఉంది. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి అన్నయ్య ముందు, నేను వెనక పట్టుకుని దిగడం మొదలుపెట్టాం. రెండంతస్తులు దిగేసరికి నా తొడలు నిప్పులయ్యాయి, తర్వాత తడిగుడ్డలయ్యాయి. "అన్నయ్యా, ఒక్క నిమిషం" అని కుర్చీ దింపేశాను. "ఇప్పుడా?" అన్నాడు. లేవాలని చూశాను. కాళ్లు రాలేదు. అన్నయ్య అమ్మని వీపున వేసుకుని దిగిపోయాడు. నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

అమ్మ బతికింది, తర్వాత ఏడేళ్లు ఉంది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో అన్నయ్య ఒకే మాట అన్నాడు. "కన్నతల్లిని మొయ్యడానికి కూడా ఒళ్లు దాచుకున్నావురా." అంతే. ఆ మాట తర్వాత మాటల్లేవు.

కాళ్లు రాలేదంటే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం లేదు. అందరూ అన్నదే నిజమేమో, నా మనసులో ఏ మూలో ఇష్టం లేకపోవడం ఉండి ఉంటుందేమో అని వెతుక్కున్నాను. పంతొమ్మిదేళ్లుగా వెతుకుతూనే ఉన్నాను.

ఇది చదివి దిగులుపడకు. నీ పాఠం నర్సింగు పిల్లలకి బ్రహ్మాండంగా ఉంటుంది.

బాబాయి


ఆసుపత్రి,
జూలై 6

బాబాయ్,

ఇది చిన్న ఉత్తరం. పోయిన వారం పాఠం చెప్పేశాను, ఎవరూ నిద్రపోలేదు, అది చాలు.

నీ ఉత్తరం, నీ అనుమతి లేకుండా, మా డాక్టరమ్మకి చూపించాను. తిట్టాలనుకుంటే తర్వాత తిట్టు. ఆవిడ రెండుసార్లు చదివి, "మీ బాబాయిని పదిహేనో తారీఖున రమ్మను" అంది. రక్తం తీస్తారు, సైకిలు తొక్కిస్తారు, తొడలోంచి చిన్న ముక్క తీస్తారు. మత్తు ఇస్తారు, నొప్పి ఉండదు. సొంత మనుషుల ముక్క మేం కొయ్యకూడదు, కాబట్టి తుమ్ము భయం లేదు.

పొద్దున్న ఏడింటి బస్సు ఎక్కితే మధ్యాహ్నానికి ఇక్కడుంటావు. బస్టాండులో నేనుంటాను. రానంటే నేనే వచ్చి ఆ ముప్పై ఆరు మెట్లెక్కి తీసుకొస్తాను. ఆలోచించుకో.

ప్రశ్నమ్మ


దుకాణం,
జూలై 22

అమ్మడూ,

క్షేమంగా చేరాను. తొడ మీద కుట్టు మానుతోంది. దాన్ని అడ్డం పెట్టుకుని రెండు రోజులు దర్జాగా కూర్చున్నాను, ఒక్కరూ బద్ధకం అనలేదు.

నువ్వు పనిలో ఉండి చూడలేకపోయావు, సైకిలు ముచ్చట చెబుతాను. చక్రాలు కదలని సైకిలు, ముఖానికి గొట్టం, చేతికి సూది. పక్కన పొడుగు జడ అమ్మాయి ఒకతె. తొక్కమంది, తొక్కాను. నాలుగో నిమిషానికి తొడల్లో ఆ పాత నిప్పే. పళ్లు బిగించాను. అందరి ముందూ పరువు పోకూడదుగా.

"సార్, ఆపేద్దాం" అంది.

"ఇంకో నిమిషం తొక్కుతానమ్మా."

"వద్దు సార్. మీ కండ చెయ్యగలిగిందంతా చేసేసింది. ఇక చాలు, కూర్చోండి."

నా యాభై ఆరేళ్లలో నన్ను "ఇక చాలు, కూర్చో" అన్న మొదటి మనిషి ఆ అమ్మాయి. కళ్లు చెమర్చాయి. చెమట అనుకుని తుడిచింది. నేను కాదనలేదు.

ఫలితం ఎప్పుడొస్తుందో అడగను. అడగనని రాశానంటే రోజూ పోస్టు కోసం చూస్తున్నానని నీకు తెలుస్తుందిలే.

బాబాయి


ఆసుపత్రి,
ఆగస్టు 19

బాబాయ్,

కూర్చుని చదువు. ప్రమాదమేమీ లేదు, అయినా కూర్చో.

డాక్టరమ్మ నన్ను పిలిచి నీ పలక చూపించింది. మామూలు కండ రంగు వేశాక పలకరాళ్లు పరిచినట్టు నున్నగా ఉంటుంది. నీదాంట్లో కొన్ని కణాల అంచులు ఎర్రగా, చిరుగుల గుడ్డలా ఉన్నాయి. అక్కడ మైటోకాండ్రియా గుంపులు గుంపులుగా పేరుకుపోయి ఉన్నాయి. వాటి గోడల్లోని పంపుల్లో పుట్టుకతోనే లోపం ఉంది. చక్రం సరిగ్గా తిరగదు. శక్తి చాలక కణం ఇంకా ఇంకా గదులు కట్టుకుంటూ పోయింది, వాటిలోనూ అదే లోపం. సైకిలు మీద నీ రక్తం మోసుకొచ్చిన ప్రాణవాయువుని నీ కండ అందుకోలేక సగానికి పైగా వెనక్కి పంపేసింది. ఊపిరి ఉంది, తిండి ఉంది, వాటిని కలిపే చోటే చెయ్యి ఆడటం లేదు. అందుకే నిప్పు, అందుకే తడిగుడ్డ.

ఆ రోజు మెట్ల మీద నువ్వు ఒళ్లు దాచుకోలేదు బాబాయ్. నీ దగ్గరున్నదంతా రెండంతస్తుల్లో ఇచ్చేశావు. ఇది నా ప్రేమ కొద్దీ అంటున్న మాట కాదు, పలక మీద ఉంది. రక్తపరీక్షలోనూ అదే తేలింది.

పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ చెయ్యగలిగినవి ఉన్నాయి. నీ షుగరు మాత్ర ఈ జబ్బుకి పడదు, మార్చాలి. ఏడాదికోసారి గుండె చూపించుకోవాలి. రోజూ కొద్దికొద్దిగా, కొలత ప్రకారం నడవాలి, పొడుగు జడ అమ్మాయి కాగితం పంపుతోంది. మెట్లు లేని గది చూసుకో.

ఒక సంగతి నీ దగ్గర దాచాను. ఐదు మజిలీల ఉత్తరం చదివిన రోజే నాకు అనుమానం వచ్చింది. పాఠం పేరుతో నిన్ను ప్రశ్నలు అడిగాను. క్షమించు.

ఇంకొకటి. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి. నాయనమ్మ నుంచి నీకు. తండ్రి నుంచి పిల్లలకి రావు కాబట్టి నాకు భయం లేదు. కానీ నాన్నకీ అమ్మ నాయనమ్మే కదా. అందరికీ ఒకే పాళ్లలో రాదు, ఒకేచోట దెబ్బతియ్యదు. అమ్మ ఎప్పుడూ అంటుంది, ఏం చెప్పినా పెడచెవిన పెడతారని. పంపుల హోరుకి చెవులు పోయాయనుకున్నాం అందరం. ఇప్పుడు నాకు అలా అనిపించడం లేదు. ఆయనకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ప్రశ్నమ్మ


దుకాణం,
ఆగస్టు 27

అమ్మడూ,

ఉత్తరం వచ్చినప్పుడు ఒకాయనకి ఫ్రేము సరిచేస్తున్నాను. చదివి, ఆయన ముక్కు మీద తలకిందులుగా పెట్టానంట. ఆయన వెళ్లాక పట్టపగలే షట్టరు దించేశాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు కానిది వచ్చింది. సంగీతం మాస్టారు షట్టరు తట్టి "అంతా కుశలమేనా" అని అడిగితే "నేను బద్ధకస్తుణ్ణి కాదంట మాస్టారూ" అన్నాను. పాపం, "శుభం" అని వెళ్లిపోయాడు.

క్షమించమన్నావు. పిచ్చిపిల్లా, నువ్వు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

రెండు రోజులుగా అమ్మే గుర్తొస్తోంది. గిన్నె గిన్నెకీ కూర్చుంటే ఇంటిల్లిపాదీ "నత్త" అని ఏడిపించేవాళ్లం. నేనూ అన్నాను. నా ఒంట్లో ఉన్నదే ఆవిడ ఒంట్లో ఉందని తెలియక నేను కూడా అన్నాను.

అన్నయ్యకి చెప్పడం నీ పని కాదు, నా పని. వాదనలో గెలవడానికి మాత్రం కాదు. వాడికీ గుండె చూడాలి, షుగరు చూడాలి. నిన్ననే ఉత్తరం రాసి తలుపు సందులోంచి వేయించాను. ఇంతే రాశాను: "అన్నయ్యా, నాకు కాళ్లలో ఉన్న జబ్బు నీకు చెవుల్లో ఉండొచ్చంట. అమ్మ నుంచి వచ్చింది. అమ్మాయి దగ్గరికి వెళ్లి చూపించుకో. ఆలస్యం చెయ్యకు." మెట్ల సంగతి రాయలేదు.

బాబాయి


ఆసుపత్రి,
సెప్టెంబరు 30

బాబాయ్,

ఈ నెల రోజులూ నీకు రాయకపోవడానికి కారణం నాన్న. చెప్పొద్దని మాట తీసుకున్నారు. నిన్నటితో ఆ గడువు అయిపోయింది.

నీ ఉత్తరం ఆయనకి అందిన మూడో రోజు చెప్పాపెట్టకుండా వచ్చారు. చేతిలో నీ ఉత్తరం, నాలుగు మడతలు పెట్టి. "ఇదేంటో చూడు" అన్నారు, అంతే. పరీక్షలన్నీ చేశారు. ఉంది బాబాయ్, ఆయనకీ ఉంది. కాళ్లకి దాదాపు లేదు, చెవులకి ఉంది, షుగరు అంచు మీద ఉంది. గుండె గట్టిగానే ఉంది. చెవి మిషను వచ్చే నెల వస్తుంది. "నాకెందుకు, బాగానే వినిపిస్తోంది" అని పెద్దగా అరిచి చెప్పారు. వరండాలో పది మంది వెనక్కి తిరిగి చూశారు.

నిన్న ఫలితం కోసం వచ్చినప్పుడు నీ పలక చూస్తానన్నారు. నువ్వు ఒప్పుకుంటావనే నమ్మకంతో చూపించాను. నిలబడే చాలాసేపు చూశారు. ఎర్రటివి ఏమిటని అడిగారు, చెప్పాను. "అప్పుడు కూడా ఇలాగే ఉందా వాడికి?" అన్నారు. "ఉండే ఉంటుంది నాన్నా, పుట్టుకతో వచ్చింది" అన్నాను. ఈసారి రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

తర్వాత బస్సు టైము అడిగారు. భోజనం చేసి వెళ్లమన్నా ఆగలేదు. నీ దగ్గరికి వస్తారో రారో నాకు తెలియదు. ఏమీ అడగనివ్వలేదు.

ప్రశ్నమ్మ


కొత్త గది, దుకాణం వెనక,
ఒక్క మెట్టు కూడా లేదు,
అక్టోబరు 5

అమ్మడూ,

వచ్చాడు.

నీ ఉత్తరం కంటే ముందే వచ్చాడు. ముప్పయ్యో తారీఖు పొద్దున్న దుకాణం తెరుస్తుంటే ఎదురుగా నిలబడి ఉన్నాడు. నేను షట్టరు సగం ఎత్తి ఆగాను, ఎప్పట్లాగే మధ్యలో ఓ మజిలీ. వాడు వచ్చి మిగతా సగం ఎత్తాడు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలో ముఖం చూసుకున్నాడు. ఫ్రేము ఒకటి తీసి పెట్టుకుని, బాగోలేదని తీసేశాడు. నేను బల్ల తుడిచాను. తుడిచిందే మళ్లీ తుడిచాను.

చివరికి తలొంచుకుని ఏదో అన్నాడు.

"ఏంటి?" అన్నాను.

"తప్పు నాది అంటున్నాను."

"ఏంటీ?" అన్నాను, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

ఇక వాడికి తిక్క రేగింది. వాడి సంగతి నీకు తెలుసుగా. లేచి నిలబడి, పంపుహౌసులో ఇంజన్లకి అవతల ఉన్నవాళ్లని పిలిచే గొంతుతో, "తప్పు నాదిరా! నీకు కాళ్లు రాకపోతే నిన్ను అంత మాటన్నాను! తప్పు నాదే!" అని అరిచాడు. సంగీతం మాస్టారి పాఠం ఆగిపోయింది. పై అంతస్తులో ఫ్యాను గొడవ ఆగిపోయింది. ఎదురింటి కిటికీలోంచి రెండు తలలు బయటికొచ్చాయి.

"సరే అన్నయ్యా, వినిపించింది" అన్నాను. వాడు "ఏంటి?" అన్నాడు. నేనూ అరిచాను. ఆ తర్వాత ఇద్దరం నవ్వామో ఏడ్చామో వీధిలోవాళ్లని అడిగి తెలుసుకోవాలి, నాకు సరిగ్గా గుర్తులేదు.

మధ్యాహ్నం వాడే నా సామానంతా పై గదిలోంచి కిందికి మోసుకొచ్చాడు. నన్ను ఒక్క గిన్నె ముట్టుకోనివ్వలేదు. "నువ్వు కూర్చో" అని కేకలేస్తూనే ఉన్నాడు. రేపట్నించి నా కొలత నడకకి వాడే తోడొస్తానన్నాడు. గడియారం పట్టుకుని వస్తాడంట, ఆగమన్నప్పుడు ఆగాలంట.

నీకొక్కదానికే ఒక మాట చెబుతాను, నాన్నతో అనకు. వాడు మొదటిసారి తలొంచుకుని మెల్లగా అన్నప్పుడే నాకు వినిపించింది. ప్రతి అక్షరం.

బాబాయి